భానుమతి షరతులు

మా ఇంట్లో నా మీద ఒక షరతు ఉంది. సాయంత్రం ఏడు కొట్టేలోగా నేను గుమ్మంలో ఉండాలి. కాలేజీ ఎంతో దూరం కాదు. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే మా సీతాఫల్‌మండి. ట్రైన్ దొరక్కపోతే తార్నాక దాకా నడిచి ఆటో పట్టుకుంటాను. అయినా ఏడంటే ఏడే. పోయిన సెమిస్టర్లో మా బ్యాచ్ అంతా రాత్రి ల్యాబ్‌లో ఉండి ప్రాజెక్టు పూర్తి చేసింది. నేను మాత్రం ఆరున్నరకే బ్యాగు సర్దుకున్నాను. డెమో రోజున నా పేరు చివర వచ్చింది. అందులో తప్పేమీ లేదు, నేను చేసిన పని కూడా చివరిదే.

ఆ రోజు ఇంటికొచ్చి చిటపటలాడుతుంటే మా నాయనమ్మ టీవీ సౌండ్ కూడా తగ్గించలేదు. ఏదో పాత సినిమా వస్తోంది. "ఏడ్చే దానికి ముందు ఈమెను చూడవే. ఈమెకూ నాన్న షరతులే పెట్టాడు" అంది. తెర మీద ఉన్నది భానుమతి.

మా నాయనమ్మది ఒంగోలు పక్క పల్లెటూరు. తాతయ్య రైల్వే ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఒకప్పుడు తార్నాక ఆరాధన థియేటర్లో సినిమాలు చూసిన రోజుల గురించి ఇప్పటికీ చెబుతుంది. భానుమతి కూడా ఒంగోలు దగ్గర దొడ్డవరంలోనే పుట్టింది కాబట్టి "మా ఊరి పిల్ల" అని నాయనమ్మకు కొంచెం గర్వం. 1925 సెప్టెంబరు 7న పుట్టిన ఆమెకు 2025తో నూరేళ్ళు నిండాయి. మన క్లబ్ పత్రికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు వేరే విషయం తట్టలేదు.

భానుమతి గురించి అందరికీ తెలిసిన మాట ఒకటుంది: బహుముఖ ప్రజ్ఞాశాలి. నటి, గాయని, దర్శకురాలు, నిర్మాత, సంగీత దర్శకురాలు, రచయిత్రి, స్టూడియో యజమాని. ఈ జాబితా చదివితే జనరల్ నాలెడ్జ్ బిట్ చదివినట్టు ఉంటుంది తప్ప ఆమె అర్థం కాదు. ఆమె జీవితాన్ని షరతుల వరుసలో చూస్తే బాగా అర్థమవుతుందని నాకు అనిపించింది. మనకు కోడింగ్‌లో ఇఫ్ కండిషన్ ఉంటుంది కదా, అలాంటిదే అనుకోండి. ముందు వేరేవాళ్ళు ఆమెకు కండిషన్ రాశారు. తర్వాత ఆమే రాయడం మొదలుపెట్టింది.

నాన్న రాసిన షరతు

భానుమతి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి శాస్త్రీయ సంగీతం నేర్పించారు. పిల్ల గొంతు గ్రామఫోను రికార్డులో వినాలని ఆయన కోరిక. సినిమా అనుకోకుండా వచ్చింది. దర్శకుడు సి. పుల్లయ్య తీసిన 'వరవిక్రయం' 1939లో వచ్చింది. మన ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది కూడా ఆ ఏడాదే. రోజూ ఆ మెట్ల మీద కూర్చుని సెల్ఫీలు తీసుకునే మనకు ఆ కాలం ఎంత దూరమో కొలవడానికి ఇదొక కొలబద్ద.

అప్పటికి తెలుగు సినిమాకు హైదరాబాదు ఊసే లేదు. చాలా సినిమాలు మద్రాసులోనో, కలకత్తాలోనో తయారయ్యేవి. 'వరవిక్రయం' తీసింది కలకత్తా ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ. పదమూడేళ్ళ పిల్లను తీసుకుని అంత దూరం వెళ్ళాలి. సినిమాలో వేషమంటేనే పరువు పోతుందనుకునే రోజులవి. అందుకని వెంకటసుబ్బయ్య గారు ఒక షరతు పెట్టారు: హీరో తన కూతుర్ని ముట్టుకోకూడదు, కౌగిలించుకోకూడదు. దానికి ఒప్పుకున్నాకే ప్రయాణం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం ఆధారంగా తీసిన ఆ సినిమా వరకట్నం మీద. అందులో భానుమతి వేసిన కాళింది, తండ్రి కట్నమిచ్చి కుదిర్చిన పెళ్ళికి లొంగలేక ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల (ఆ పాత్ర వేసింది పుష్పవల్లి, హిందీ నటి రేఖకు తల్లి) మాత్రం బతికుండి, చట్టం పట్టుకుని మగపెళ్ళివారికి బుద్ధి చెబుతుంది. తండ్రి రాసిన షరతు కింద నటిస్తున్న పిల్ల, తండ్రి నిర్ణయానికి బలైపోయే పిల్లగా తెర మీదకు వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు. అలా కుదిరింది.

మొదటి సొంత షరతు

తర్వాత 'మాలతీ మాధవం', 'ధర్మపత్ని' వచ్చాయి. 'కృష్ణప్రేమ' సమయంలో ఆ సినిమాకు సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావును ఇష్టపడింది. ఆస్తిపాస్తులు పెద్దగా లేని కుర్రాడు. ఇంట్లో అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆమె మాత్రం పట్టు వదల్లేదు. 1943 ఆగస్టు 8న పెళ్ళయింది. నా లెక్క ప్రకారం ఆమె స్వయంగా రాసుకున్న మొదటి షరతు ఇదే. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు ఇంకా నిండలేదు.

పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనే అనుకుంది. కానీ వాహినీవారి 'స్వర్గసీమ' కోసం అడిగారు. దర్శకుడు బి.ఎన్. రెడ్డి, పక్కన చిత్తూరు నాగయ్య. 1945లో వచ్చిన ఆ సినిమాలో ఆమెది మంచి ఇల్లాలి పాత్ర కాదు. వీధిలో పాడుకునే సుబ్బి, నాటకాల్లో సుజాతాదేవిగా మారి ఒక సంసారాన్ని కూల్చే పాత్ర. పావురం మీద ఆమె పాడిన పాట ఊరూరా మోగింది. ఆ బాణీకి ప్రేరణ ఒక హాలీవుడ్ సినిమా. కర్ణాటక సంగీతం నేర్చుకున్న గొంతు పాశ్చాత్య బాణీని అంత తేలిగ్గా పలికించడం అప్పటివాళ్ళకు కొత్త.

ఇక్కడ గొంతు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1950ల నాటికి నేపథ్య గానం మామూలైపోయింది. తెర మీద ఒకరు, మైకు ముందు ఒకరు. పి. లీల, జిక్కి, పి. సుశీల లాంటివాళ్ళు కథానాయికలకు పాడుతున్నారు. భానుమతి మాత్రం తన పాటలు తానే పాడుకుంది. ఇది గొప్ప కోసం చెప్పుకునే విషయం మాత్రమే కాదు. దానివల్ల నిర్మాత దగ్గర ఆమెకు బలం వచ్చింది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయితే ఒకరిని మార్చినా బండి నడుస్తుంది. రెండూ ఒకరివే అయితే మార్చడం కష్టం. షరతు పెట్టాలంటే ముందు మన దగ్గర ఎదుటివాడికి కావలసినది ఉండాలి. ఈ సంగతి ఆమెకు చిన్నప్పుడే తెలిసినట్టుంది.

సొంత గొడుగు

రెండో బలం సొంత సంస్థ. కొడుకు భరణి పేరుతో భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. 'రత్నమాల'తో మొదలుపెట్టి, 1949లో 'లైలా మజ్ను' తీశారు. మజ్ను అక్కినేని నాగేశ్వరరావు, లైలా భానుమతి, దర్శకుడు రామకృష్ణ. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో కూడా వెలిసింది. బయటి నిర్మాతలు పిలవకపోయినా పని ఆగదు అన్నమాట.

బయట చేసిన వాటిలో 'మల్లీశ్వరి' (1951) గురించి మా నాయనమ్మ ముందు ఎవరూ మాట తూలకూడదు. శ్రీకృష్ణదేవరాయల కాలం. శిల్పి నాగరాజుగా ఎన్.టి. రామారావు, అతని మరదలు మల్లిగా భానుమతి. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. రాయలవారు మారువేషంలో ఉన్నారని తెలియక బావ సరదాకి అన్న మాట నిజమై, మల్లి కోసం అంతఃపురం నుంచి పల్లకీ వస్తుంది. ఊరంతా అది అదృష్టమనుకుంటుంది. పల్లకీ ఎక్కాక ఆ పిల్ల ముఖం చూడండి. ఏడవదు, అరవదు. గౌరవం పేరుతో తనను తీసుకుపోతున్నారని ఆ కళ్ళకు తెలుసు. ఈ సినిమాను 1953లో చైనాలో కూడా చైనీస్ సబ్‌టైటిళ్ళతో విడుదల చేశారు. పల్లకీ అంటే ఏమిటో, అంతఃపురం అంటే ఏమిటో వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు కదా.

ఒక్క షాటు, ఆరు నటనలు

1953లోనే 'చండీరాణి'. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో ఒకేసారి తీసిన సినిమా. కథ, దర్శకత్వం భానుమతి. చండి, చంప అనే కవల అక్కచెల్లెళ్ళుగా ద్విపాత్రాభినయం కూడా ఆమెదే. హీరో ఎన్.టి.ఆర్. తెలుగులో తొలి మహిళా దర్శకురాలిగా ఆమెను చెప్పుకునేది ఈ సినిమాతోనే. తమిళంలో టి.పి. రాజలక్ష్మి అంతకుముందే 1930లలో దర్శకత్వం చేసింది. దక్షిణాదికంతటికీ మొదటిది అని రాసేవాళ్ళు ఆ పేరు మరిచిపోకూడదు.

మనం ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి ఈ పని ఎంత బరువో లెక్క వేద్దాం. ఆ రోజుల్లో మూడు భాషల సినిమా అంటే డబ్బింగ్ కాదు. అదే సెట్టు, అదే లైటింగు ఉంచి ఒక భాషలో షాటు తీసి, తర్వాత అదే షాటు రెండో భాషలో, మళ్ళీ మూడో భాషలో తీసేవారు. ఇక ఇద్దరు కవలలూ ఒకే ఫ్రేములో కనబడాలంటే గ్రాఫిక్స్ లేవు. లెన్సు ముందు సగం మూసి, ఒక పాత్ర నటించాక ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం తెరిచి, వేషం మార్చుకుని వచ్చి మళ్ళీ నటించాలి. కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే మధ్యలో గీత కనబడుతుంది. అంటే అలాంటి షాటు ఒక్కదానికి రెండు పాత్రలు ఇంటూ మూడు భాషలు, మొత్తం ఆరుసార్లు నటన. ప్రతిసారీ, అక్కడ లేని అక్కతోనో చెల్లితోనో మాట్లాడుతూ, చూపు సరిగ్గా ఎక్కడ నిలపాలో గుర్తుంచుకోవాలి. ఇదంతా చేస్తూనే దర్శకురాలిగా ఎదుటివాళ్ళ నటన ఎలా ఉందో చూసుకోవాలి. నేను ఒక్క ల్యాబ్ రికార్డు, ఒక్క అసైన్‌మెంటు ఒకే రాత్రి పూర్తి చేయలేక పోతాను.

మరుసటి ఏడాది 'చక్రపాణి' సినిమాకు సంగీతం కూడా ఆమె పేరునే వచ్చింది. అదే ఏడాది వచ్చిన 'విప్రనారాయణ'లో దేవదేవి. ఆ సినిమాకు జాతీయ స్థాయిలో గుర్తింపు దక్కింది. తమిళంలో ఎం.జి.ఆర్.తో 'మలైక్కళ్ళన్', 'అలీబాబావుం 40 తిరుడర్‌గళుం', 'మదురై వీరన్' చేసింది. 'రంగూన్ రాధ' కథ రాసిన అన్నాదురై ఆమెను నటనకు వ్యాకరణం రాసిన మనిషిగా మెచ్చుకున్నారు.

మిస్సమ్మ దగ్గర తెగిన షరతు

ఇంతవరకూ చదివి షరతులు పెట్టడం లాభసాటి బేరమేననుకుంటున్నారేమో. కాదు. ఖరీదు కూడా ఉంది.

విజయావారి 'మిస్సమ్మ'లో మేరీ పాత్రకు మొదట తీసుకున్నది భానుమతినే. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో కొన్ని రీళ్ళ షూటింగ్ కూడా అయింది. అందరూ చెప్పుకునే కథ ప్రకారం ఒకరోజు వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్‌కు ఆలస్యంగా వచ్చింది. నిర్మాత చక్రపాణి క్షమాపణ అడిగారు. ముందే కబురు పంపాను, తప్పు చేయలేదు కాబట్టి చెప్పనంది. ఆయన తీసిన రీళ్ళు పక్కన పడేశారు. అదే సినిమాలో రెండో పాత్రకు తీసుకున్న సావిత్రి మేరీ అయింది. సావిత్రి వేయాల్సిన పాత్ర జమునకు వెళ్ళింది. 1955 సంక్రాంతికి సినిమా వచ్చింది. ఆ తర్వాత సావిత్రి ఎక్కడికి వెళ్ళిందో మీకు చెప్పాల్సిన పని లేదు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. ఒక్క 'సారీ'తో పోయేదానికి ఇంత దూరం ఎందుకు అని ఒకటి. ఆ ఒక్క మాట ఆ రోజు అంటే రేపు ఇంకో మాట అనాల్సి వచ్చేది కదా అని మరొకటి. ఏది నిజమో నేను తేల్చలేకపోయాను. నాయనమ్మను అడిగాను.

"పొగరు" అంది మొదట. కాసేపాగి, "పొగరు లేకపోతే ఆ కాలంలో మద్రాసులో ఎవరు బతకనిస్తారే ఆడపిల్లని" అంది.

గమనించండి, ఆమె ఏ వ్రతం కోసం ఆలస్యమైందో. ఆధునిక స్త్రీ, తిరుగుబాటు స్త్రీ అని మనం పోస్టర్లు వేసుకునే చట్రంలో భానుమతి సరిగ్గా ఇమడదు. పూజలు మానలేదు, అత్తగారి మాట తీసేయలేదు, నాన్న పెట్టిన 'ముట్టుకోకూడదు' అన్న నియమాన్ని కూడా పెద్దయ్యాక కూడా చాలావరకు తనదిగానే నిలుపుకుంది. అయితే పదమూడేళ్ళప్పుడు అది నాన్న మాట. ముప్ఫయ్యేళ్ళప్పుడు ఆమె మాట. వాక్యం అదే, రాసినవాళ్ళు మారారు. ఈ ఒక్క తేడా పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అత్తగారు, నాయకురాలు, మంగమ్మ

కథానాయిక వయసు దాటాక చాలామంది నటీమణులకు మిగిలేది ఒక మూల నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకునే తల్లి వేషం. భానుమతి ఆ మూలకు వెళ్ళలేదు. 'బాటసారి' (1961)లో శరత్‌బాబు నవల 'బడదీది' నుంచి వచ్చిన వితంతువు పాత్రను దాదాపు మాటల్లేకుండా మోసింది. 'అంతస్తులు' (1965), ఆ వెంటనే 'పల్నాటి యుద్ధం' (1966)లో నాయకురాలు నాగమ్మ. అదే 1966లో పద్మశ్రీ. తర్వాత పద్మభూషణ్ కూడా వచ్చింది.

ఇంకోపక్క కలం పట్టింది. 'అత్తగారి కథలు' చదవనివాళ్ళు మన లైబ్రరీలో అడిగి చదవండి. కోడలు చెప్పే కథలవి. అత్తగారికి మడి, ఆచారం, మొండితనం, పసితనం అన్నీ సమపాళ్ళలో ఉంటాయి. ఆవకాయ పెట్టినా అదొక యుద్ధం. కోడలు ఎక్కడా అత్తగారిని దెప్పదు, అలాగని పొగడదు. పక్కన నిలబడి చూస్తూ నవ్వుతుంది. అత్తా కోడళ్ళంటే కొట్టుకోవడమే అని సినిమాలు నేర్పిన రోజుల్లో ఒక సినిమా మనిషి ఇలా రాసింది. ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా మీద ఉత్తమ పుస్తకంగా జాతీయ పురస్కారం వచ్చింది.

1982లో 'భక్త ధ్రువ మార్కండేయ' సినిమాను పిల్లలతోనే తీసింది. 1980లలో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసింది. అదే దశకంలో 1984లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'మంగమ్మగారి మనవడు'. బాలకృష్ణకు నాయనమ్మగా, నోటికి అడ్డులేని ముసలమ్మగా వచ్చి కొత్త తరాన్ని నవ్వించింది, ఏడిపించింది. సినిమా పేరు చూడండి. హీరో పేరు లేదు. అతను ఫలానా మంగమ్మకు మనవడు, అంతే. చివరగా 1998లో 'పెళ్ళికానుక'లో కనబడింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూసింది. 'వరవిక్రయం' నుంచి 'పెళ్ళికానుక' దాకా దాదాపు అరవయ్యేళ్ళు.

మా ఇంటి షరతు

మళ్ళీ ఏడు గంటల దగ్గరికి వస్తాను. భానుమతిని చదివాక నాన్నతో పెద్ద గొడవ పెట్టుకుంటాననుకున్నాను. పెట్టుకోలేదు. వెంకటసుబ్బయ్య గారు షరతు పెట్టింది కూతుర్ని ఆపడానికి కాదు, కలకత్తా పంపడానికి. షరతు పెట్టి మరీ పంపారు. మా నాన్నకు కూడా భయమే కానీ నా మీద కోపం లేదు. మరి నేనెప్పుడైనా ఆయన భయానికి జవాబు చెప్పానా? "అందరూ ఉంటున్నారు, నన్నూ ఉండనీ" అని ఏడవడం తప్ప?

అందుకని మొన్న ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని నా షరతులు రాశాను. ప్రాజెక్టు ఉన్న రోజుల్లో, నెలకు నాలుగు రాత్రులు మించకుండా, తొమ్మిదిన్నర దాకా ల్యాబ్‌లో ఉంటాను. బయలుదేరేముందు ఫోన్ చేస్తాను. స్టేషన్ దగ్గరికి నాన్న గానీ తమ్ముడు గానీ వస్తే చాలు. మార్కులు ఇంతకంటే తగ్గితే మళ్ళీ ఏడుకే వస్తాను. చివరి వాక్యం రాసేటప్పుడు చెయ్యి కాస్త వణికింది. ఎదుటివాళ్ళకే కాక మనకు కూడా తగిలేలా రాస్తేనే అది షరతు, లేకపోతే కోరికల చిట్టా.

నాయనమ్మ ఆ కాగితం తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించింది. నాన్న పొద్దున పాల ప్యాకెట్ తీసేటప్పుడు చదివారు. ఏమీ అనలేదు. సాయంత్రానికి 'తొమ్మిదిన్నర' మీద పెన్నుతో అడ్డగీత కొట్టి, పక్కన 'తొమ్మిది' అని రాసి ఉంది.

నేనింకా సంతకం పెట్టలేదు. నాయనమ్మ మాత్రం బేరం కుదిరిందంటోంది.